ఉప్పు, సిపాయి, ఇనుము: మన్యం ఎక్కిన దారులు

అనకాపల్లి చదునైన నేల మీద, శారదా నది ఒడ్డున ఉంటుంది. బెల్లం మార్కెట్ దాటి కాస్త బయటికొస్తే చాలు, దూరంగా తూర్పు కనుమలు అడ్డంగా లేచి కనిపిస్తాయి. ఈ ప్రాంతం నుంచి ఆ కొండల పైకి ముఖ్యంగా మూడు దారులున్నాయి. నర్సీపట్నం మీదుగా లంబసింగి, చింతపల్లి చేరేది మొదటిది. చోడవరం, మాడుగుల దాటి పాడేరు ఎక్కేది రెండోది. కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి, అరకు వెళ్లేది మూడోది; దీనికి రోడ్డూ ఉంది, రైలూ ఉంది.

సెలవులకు వెళ్లేవాళ్లకు ఇవి మలుపులు, మంచు, కాఫీ తోటలు కనిపించే ఘాట్ రోడ్లు. వాటి చరిత్ర మాత్రం బరువుల చరిత్ర. కొండ మీద మనిషి కిందికి దిగి ఆస్పత్రికో బడికో వెళ్లాలన్న ఆలోచనతో ఇక్కడ పెద్ద దారులు మొదలు కాలేదు. ఉప్పు బస్తా ఎక్కడానికి ఒకటి, సర్కారు సిపాయి ఎక్కడానికి ఒకటి, ఇనుప ఖనిజం దిగడానికి ఒకటి. మన్యం జనం వాటి మీద తమ చోటు తామే సంపాదించుకున్నారు. ఆ సంపాదన ఇంకా పూర్తి కాలేదు.

పెరిక ఎడ్ల కాలం

రోడ్లు లేని రోజుల్లోనూ కొండకీ మైదానానికీ రాకపోకలు ఆగలేదు. అడవిలో దుంప దొరుకుతుంది, తేనె దొరుకుతుంది, పోడు చేసుకుంటే సామలు, కొర్రలు, చోళ్లు పండుతాయి. ఉప్పు మాత్రం దొరకదు. తీరంలోని ఉప్పు మళ్ల నుంచి లంబాడీల పెరిక ఎడ్లు బారులు తీరి కనుమలెక్కి, జయపురం సంస్థానం మీదుగా బస్తర్ దాకా ఉప్పు చేరవేసేవి. తిరుగు ప్రయాణంలో ధాన్యం, వలిసెలు, చింతపండు, పసుపు దిగేవి. కొండల అంచున ఉన్న సాలూరు ఆ వ్యాపారానికి పెద్ద అంగడి. ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేలాడే పెరికకు బండి బాట అక్కర్లేదు. రెండు బండల మధ్య జంతువు దూరేంత సందు చాలు. అందుకే చాలాకాలం కనుమలు కాలిబాటలుగానే మిగిలాయి.

మన్యం గూడేల వాళ్లది కావిడి. అడ్డాకులు, కుంకుడుకాయలు, చింతపండు కావిళ్ల మీద మోసుకుని సంతకు దిగేవారు. ఉప్పు, గుడ్డ, ఎండు చేపలు కొనుక్కుని మళ్లీ ఎక్కేవారు. మైదానం వాళ్లు కొండెక్కడానికి జంకేవారు. మన్యం జ్వరం పట్టుకుంటే తిరిగి ఇల్లు చేరడం కష్టమని భయం. కొండల్లో పనిచేయడానికి వెళ్లిన తెల్ల దొరలనూ, పోలీసులనూ ఆ మలేరియా వదల్లేదు.

1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించింది. అప్పటి నుంచి ఆ సీమ ‘ఏజెన్సీ’. ఇప్పటికీ అనకాపల్లిలో బస్సు కోసం నిలబడ్డ మనిషిని ఎక్కడికని అడిగితే ‘ఏజెన్సీకి’ అంటాడు. కోర్టు, కచేరీ, జమీందారు కోట, షావుకారు కొట్టు అన్నీ కిందే ఉండేవి. కొండలో ముఠాలనే ఊళ్ల గుంపులను ఏలే ముఠాదారుల పెత్తనం నడిచినా, దారి ఎక్కడ వేయాలో నిర్ణయించే చేయి ఎప్పుడూ మైదానానిదే.

1893–96 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వచ్చింది. అనకాపల్లికి స్టేషన్ దక్కింది. బెల్లానికి దూరపు మార్కెట్లు దగ్గరయ్యాయి. పట్టాలు తీరం వెంబడే సాగాయి. కొండలకు గుమ్మం లాంటి నర్సీపట్నానికి సైతం రైలు రాలేదు. ‘నర్సీపట్నం రోడ్’ అని ఒక స్టేషన్ పేరు ఉంది గానీ, అక్కడ దిగిన మనిషి ఊరు చేరాలంటే పాతిక కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద వెళ్లాలి.

ఇటలీ కొండ ఊళ్లతో పోల్చి చూస్తే ఇక్కడి తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఉంబ్రియా ప్రాంతంలో ఒర్వియేటో అనే పాత పట్టణం నిలువు రాతి గుట్ట మీద ఉంటుంది. అక్కడా రైలు లోయలోనే ఆగిపోయింది. ఊరివాళ్లు 1888లో స్టేషన్ నుంచి గుట్ట పైకి నీటి బరువుతో నడిచే కేబుల్ రైలు పెట్టించుకున్నారు. 1970లో మూతపడిన దాన్ని 1990లో కరెంటుతో తిరిగి నడిపించారు. పెరూజియాలో 2008 నుంచి ‘మినీమెట్రో’ అనే చిన్న బోగీలు జనాన్ని రైల్వే స్టేషన్ దగ్గర ఎక్కించుకుని కొండ మీది పాత పట్టణం వైపు తీసుకెళ్తాయి. అక్కడ చర్చి, మున్సిపాలిటీ, అంగడి, డబ్బు అన్నీ కొండ మీదే ఉన్నాయి. కాబట్టి లోయలో ఆగిన రైలును ఊరు తన దగ్గరికి రప్పించుకోగలిగింది. మన్యం గూడేలకు అలాంటి పలుకుబడి ఎన్నడూ లేదు.

లంబసింగి రోడ్డు, కూలి బాకీ

నర్సీపట్నం నుంచి డౌనూరు దాటి లంబసింగి ఘాట్ ఎక్కుతున్న బస్సులో కూర్చుంటే, ఈ రోడ్డు ఒక తిరుగుబాటుకు కారణాల్లో ఒకటైందని ఊహకు కూడా అందదు. 1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహశీల్దారుగా ఉన్న బాస్టియన్ ఈ కొండల్లో రోడ్డు పనులు చేయించాడు. రాళ్లు కొట్టిందీ, చెట్లు నరికిందీ కొండ జనమే. పనికి బలవంతంగా తెచ్చారు, కూలి సరిగా ఇవ్వలేదు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద, అడవి మీద వాళ్ల చేతులు కట్టేసి ఉంది. పోడు పోయింది, వెట్టి వచ్చింది. ఆ వెట్టితో వేసిన రోడ్డు మీదుగా పోలీసు, ఫారెస్టు గార్డు మరింత సులువుగా పైకి రాబోతున్నారు. బట్టిపనుకులకు చెందిన గాం గంటం దొర, మల్లు దొర సోదరులకు బాస్టియన్ మీద ఉన్న పగలో ఈ అన్యాయాలన్నీ కలిసి ఉన్నాయి. వాళ్లు ఆ తిరుగుబాటు నాయకుడు అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. చింతపల్లి కొండ మీద ఉంది, కృష్ణదేవిపేట కొండ కింద. రాజవొమ్మంగి ఇంకో లోయలో. బండి గానీ, మోటారు గానీ లేకుండా అడవి బాటల్లోనే ఆ దళం ఈ దూరాలన్నీ దాటింది. సర్కారు వేసిన రోడ్డు కన్నా కొండవాళ్ల కాలిబాటలే వేగంగా నడుస్తాయని ఆ మూడు రోజులూ రుజువు చేశాయి.

నెల తిరగ్గానే అదే మరోసారి తేలింది. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో పోలీసు బలగం ఇరుకు దారిన వరుసగా నడుస్తుండగా పొంచి ఉన్న రాజు దళం దెబ్బ తీసింది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. ఆ తర్వాత మలబార్ స్పెషల్ పోలీసు, చివరికి అస్సాం రైఫిల్స్ దిగాల్సి వచ్చింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును పట్టుకుని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలోకి వస్తుంది.

యాభై ఏళ్ల తర్వాత అదే చింతపల్లి అడవులకు సినిమా యూనిట్ వచ్చింది. 1974లో విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రం షూటింగ్‌లో పెద్ద భాగం అక్కడే జరిగింది. తెలుగు జనంలో చాలామందికి ఆ కొండల రూపురేఖలు మొదట తెలిసింది తెర మీదే. లంబసింగి దారిలో పనిచేసి కూలి దక్కని వాళ్ల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.

ఇనుము కోసం రైలు

మూడో పెద్ద బరువు కొండ అవతలి నుంచి వచ్చింది. విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది, విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. దేశం లోపలి ఖనిజానికి సముద్రం దారి దొరికింది. స్వాతంత్ర్యం వచ్చాక బస్తర్‌లోని బైలదిలా ఇనుప ఖనిజం మీద జపాన్ ఉక్కు కర్మాగారాల చూపు పడింది. 1960లో ఒప్పందం కుదిరింది. ఖనిజం విశాఖ రేవుకు చేరాలంటే తూర్పు కనుమలను అడ్డంగా దాటే రైలు కావాలి. అలా పుట్టిందే కొత్తవలస–కిరండూల్ మార్గం, అందరి నోటా ‘కేకే లైన్’.

445 కిలోమీటర్ల ఆ మార్గంలో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు: ఒక్కో స్టేషన్‌కీ రైలు మరికాస్త పైకి చేరుతుంది. శిమిలిగుడ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. కాశ్మీర్ లోయకు బ్రాడ్‌గేజ్ వచ్చేదాకా దేశంలో అంతకన్నా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ లేదు. ఊటీకి, డార్జిలింగ్‌కి, సిమ్లాకి చిన్న గేజ్ బండ్లు వేసిన దేశంలో ఇక్కడ పూర్తి వెడల్పు పట్టాలు వేయడానికి కారణం ఒక్కటే, ఖనిజం బండి బరువు. బరువైన వ్యాగన్లు నిటారుగా ఎక్కలేవు, దిగేటప్పుడు ఆగలేవు. అందుకే వాలు తగ్గించి, కొండ చుట్టూ తిప్పి, అడ్డొచ్చిన చోటల్లా బండను తొలిచారు.

1968లో బైలదిలాలో తవ్వకం మొదలైంది. 1980ల తొలినాళ్లకు లైను మొత్తం కరెంటు కిందికి వచ్చింది. ఖనిజం బండ్ల మధ్య ఒక ప్యాసింజర్ బండి కూడా నడిచింది. తెల్లవారి విశాఖలో బయలుదేరి సుమారు నాలుగు గంటల్లో అరకు, అక్కడి నుంచి ఒడిశా కొండల గుండా సాయంత్రానికి ఇంకా లోపలికి. అనకాపల్లి వాళ్లకు ఇది నేరుగా దొరకదు. విశాఖ గానీ, కొత్తవలస గానీ చేరి ఎక్కాలి. అయినా కొండ ఊళ్లకు ఆ బండి తెచ్చిన మార్పు గట్టిది. చీపుర్లు, పసుపు, పనసకాయలు బోగీల్లోకి ఎక్కాయి. రోడ్డు లేని గూడేల వాళ్లు పట్టాల పక్కనే నడిచి స్టేషన్ చేరడం నేర్చుకున్నారు. ఇనుము కోసం వేసిన లైను మీద టికెట్టు కొని కూర్చునే హక్కు వాళ్లకూ వచ్చింది.

2017 ఏప్రిల్‌లో ఇదే మార్గం మీద అద్దాల పైకప్పు, తిరిగే సీట్లు ఉన్న విస్టాడోమ్ బోగీ నడవడం మొదలైంది. కిటికీ అవతల లోయలు, జలపాతాలు చూడటానికి జనం ముందుగానే సీట్లు బుక్ చేసుకుంటారు. వర్షాకాలంలో మాత్రం కొండ తన లెక్క తనది అంటుంది. బండలు జారి పట్టాల మీద పడటం, బండ్లు ఆగిపోవడం ఈ లైనులో మామూలు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు కొండల్లో రాకపోకలు తెగిపోయాయి, కాఫీకి నీడనిచ్చే చెట్లు విపరీతంగా కూలాయి.

బస్సు, జీపు, సంత

మన్యాన్ని రోజువారీగా మైదానంతో కలిపింది బస్సే. తొలి బస్సులు ప్రైవేటువి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు కోటా పెట్టినప్పుడు ఆంధ్ర జిల్లాల్లో వెనక డ్రమ్ము కట్టుకుని బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులు తిరిగేవి. చదును నేల మీదే ఈడ్చుకుంటూ నడిచే ఆ బండ్లతో ఘాట్ ఎక్కడం మాటలు కాదు. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. తర్వాతి దశాబ్దాల్లో ఒక్కో రూటూ దాని చేతికి వచ్చింది. సీలేరు నది మీద 1960, 70 దశకాల్లో విద్యుత్ కేంద్రాలు కట్టడంతో చింతపల్లి, గూడెం కొత్తవీధి దాటి లోలోపలికి రోడ్లు సాగాయి. విశాఖ నుంచి సీలేరు, మోతుగూడెం మీదుగా భద్రాచలం వెళ్లే బస్సు ఆ రోడ్ల కొడుకే. మైదానం మీదుగా రాజమండ్రి చుట్టి వెళ్లకుండా అడవిని నిలువునా చీల్చుకుంటూ వెళ్తుంది.

పాడేరు దారి కథ ఇంకొంచెం ఇంటి కథ. మాడుగుల దగ్గర ఆగిన బస్సులోంచి దిగి హల్వా పొట్లం కొనుక్కోవడం ఈ రూటు ప్రయాణికుల పాత అలవాటు. గరికిబంద చెక్‌పోస్టు దాటాక ఎక్కుడు మొదలు. ఘాట్ మధ్యలో మోదకొండమ్మ పాదాలు. పాడేరు మోదకొండమ్మ మన్యానికి పెద్ద దేవత, ఏటా మేలో జాతర. డ్రైవర్లు అక్కడ బండి ఆపి, దణ్ణం పెట్టుకుని గానీ ముందుకు కదలరు. పైన మినుములూరు దగ్గర కాఫీ, మిరియాల తోటలు పలకరిస్తాయి.

కొండ లోపల బస్సు ఆగిన చోట జీపు మొదలవుతుంది. సంత రోజున సర్వీసు జీపులో లోపల ఎంతమందో, టాపు మీద, వెనక మెట్టు మీద అంతమంది. పిల్లలు, కోళ్లు, పసుపు బస్తాలు, రాజ్మా మూటలు అన్నీ ఒకే బండిలో. ప్రమాదమని తెలియక ఎక్కేవారు లేరు. ఆ బండి పోతే సంత పోతుంది, సంత పోతే వారం పోతుంది. 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులు కొనడం మొదలుపెట్టాక, కాఫీ విస్తరించాక, సంతల్లో డబ్బు పెరిగింది, బండ్లూ పెరిగాయి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజ కూడా మొదటి మజిలీలో రైతు తల మీదో, జీపు టాపు మీదో ప్రయాణం చేసిందే.

అన్నీ మంచి రోజులే కావు. నక్సలైట్ ఉద్యమం ఉధృతంగా ఉన్న దశాబ్దాల్లో కల్వర్టులు పేలాయి, రోడ్డు పనుల యంత్రాలు తగలబడ్డాయి, చీకటి పడితే బస్సులు ఆగిపోయేవి. రోడ్డంటే పోలీసు వస్తాడని ఒకరికి, గని వస్తుందని మరొకరికి అనుమానం. ఆ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ ప్రాంతంలో గనుల లీజుల మీద పోరాటమే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పుకు దారితీసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని ఆ తీర్పు చెప్పింది.

కార్ల వరస, డోలీ వరస

ఇప్పుడు డిసెంబర్, జనవరి శని ఆదివారాల్లో లంబసింగి ఘాట్ మీద తెల్లవారకముందే కార్ల లైట్లు బారులు తీరుతాయి. చెరువులవేనం మంచు, పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాల సముద్రం చూడాలని అనకాపల్లి, విశాఖ, రాజమండ్రి నుంచి రాత్రికి రాత్రి బయలుదేరి వస్తారు. ఇరుకు రోడ్డు మీద రెండు బండ్లు ఎదురైతే గంటల తరబడి కదలిక ఉండదు. ఇటలీలో సియెనా, సాన్ జిమిన్యానో లాంటి పాత పట్టణాలు బయటి కార్లను కోట గోడ బయటే ఆపించి, లోపలికి నడిచి రమ్మంటాయి. మన్యంలోనూ అలాంటి ఏర్పాటు ఒకటి గట్టిగా ఆలోచించాల్సిన సమయం వచ్చింది: కింద బండ్లు నిలిపి, పైకి స్థానికుల జీపులు, ఆర్టీసీ బస్సులు నడిపితే రద్దీ తగ్గుతుంది, ఆ ఆదాయం ఊళ్లోనే మిగులుతుంది.

అదే కొండల్లో ఇంకో రకం ప్రయాణం నేటికీ సాగుతోంది. వాసానికి దుప్పటి కట్టి, అందులో నిండు చూలాలినో, జ్వరంతో స్పృహ తప్పిన మనిషినో పడుకోబెట్టి, నలుగురు భుజాలు మార్చుకుంటూ వాగులు, గుట్టలు దాటి మోటారు రోడ్డు దాకా మోస్తారు. 2005 ఆగస్టులో మొదలైన 108 అంబులెన్స్ ఆ రోడ్డు చివర ఎదురుచూస్తుంది. పెద్ద బండి వెళ్లలేని చోట్లకని 2018లో ఏజెన్సీలో బైకు అంబులెన్సులు తెచ్చారు. బైకు కూడా పోలేని గూడేలకు డోలీ ఒక్కటే దిక్కు. ఇది దూరపు అడవుల మాట అనుకుంటే పొరపాటు. అనకాపల్లి జిల్లాలోనే రావికమతం, రోలుగుంట, మాడుగుల మండలాల కొండ అంచుల్లో ఇలాంటి గూడేలు ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతం గీత బయట పడటం వల్ల గిరిజన ప్రాంతాలకు దక్కే రక్షణలు, నిధులు వాళ్లకు సరిగా అందవు. రోడ్డు కావాలని వాళ్లు ఖాళీ డోలీలు మోసి నిరసన యాత్రలు చేశారు.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయింది. అదే రోజు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టింది. తమ కలెక్టరును కలవడానికి మన్యం వాళ్లు విశాఖ దాకా దిగే పని తప్పింది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516–ఈ జాతీయ రహదారి పనులు సాగుతున్నాయి. కొండ ఊళ్లను కొండ ఊళ్లతోనే కలిపే మొదటి పెద్ద రహదారి అది; పాడేరు మనిషి అరకుకో కొయ్యూరుకో మైదానం తొక్కకుండా వెడల్పాటి రోడ్డు మీద వెళ్లగలుగుతాడు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’ పేరుతో గూడేలకు రోడ్లు వేసే కార్యక్రమం మొదలుపెట్టారు.

ఈ రెండు పనులనూ కలిపి చూడాలి. జాతీయ రహదారి మీద లారీలు, పర్యాటకుల కార్లు ఎలాగూ పరుగెడతాయి. దాని నుంచి పక్కకు చీలి గూడెం గుమ్మం దాకా వెళ్లే మట్టి బాటలు ఎన్ని తారు రోడ్లయ్యాయి, వాటి మీద వారానికి ఎన్నిసార్లు బస్సు తిరుగుతోంది, వానాకాలంలో వాగు దాటడానికి కల్వర్టు ఉందా లేదా అన్న లెక్క గ్రామ సచివాలయం గోడ మీద అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. ఆ పనికి కొండవాళ్లనే కూలికి పెట్టుకుంటే, వారం వారం వాళ్ల చేతికి పూర్తి కూలి అందాలి.